కువైట్ ఇంట్లో పనికి అర్హత: దేన్ని కొలుస్తున్నాం, దేన్ని వదిలేస్తున్నాం

వశిష్ఠ గోదావరికి ఇటు నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు. అటు సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు. ఈ ఊళ్ల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు, ఖతర్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు, వంటకు వెళ్లినవాళ్లు, కారు తోలడానికి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. పెంకుటింటి స్థలంలో డాబా లేచినా, తాకట్టు బంగారం విడిపించుకున్నా, ఆడపిల్ల పెళ్లి ఘనంగా జరిగినా దాని వెనక గల్ఫ్ డబ్బు ఉండడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఇంత పెద్ద వలసలో ఒక ప్రశ్నను మాత్రం ఎవరూ నిదానంగా పరిశీలించినట్టు లేదు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో పని చేయడానికి మనిషికి ఏ అర్హత కావాలి? ఉందో లేదో తేల్చేది ఎవరు, ఏ కొలతతో?

ఇప్పటి పద్ధతిని దగ్గరగా చూస్తే తేలేది ఇది: వెళ్లే మనిషి కాగితాలను పరీక్షిస్తున్నారు, శరీరాన్ని పరీక్షిస్తున్నారు, పనిని పరీక్షించడం లేదు. కొలవడానికి తేలికైనదే అర్హతగా చెలామణి అవుతోంది. పని చేయించుకునే ఇంటికీ, చేసే మనిషికీ నిజంగా అక్కరకొచ్చే జ్ఞానం లెక్కలోకి రావడం లేదు.

మొదట కాగితాల సంగతి. మన దేశంలో 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరమైన కోవలోకి వస్తుంది. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు సహా 18 నిర్దేశిత దేశాల్లో ఉద్యోగానికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. అలాంటి కార్యాలయం ఒకటి హైదరాబాద్‌లో ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లు నిండాలి. ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే వెళ్లాలన్న నియమం 2016 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి ఆ సంస్థ ఓంకాప్, తెలంగాణకు టాంకామ్. పని ఒప్పందం ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కట్టి 10 లక్షల ప్రమాద బీమా తీసుకోవాలి. ప్రయాణానికి ముందు ఒక రోజు అవగాహన తరగతి కూడా ఉంటుంది.

ఇవన్నీ రక్షణ కోసం పెట్టినవే, తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే ఇందులో పదో తరగతి చేస్తున్న పని ఏమిటో ఆలోచించాలి. చట్టం దృష్టిలో పది పాసైన మనిషి తనను తాను కాపాడుకోగలదు, కనుక ఆమెను అడ్డుకోనక్కర్లేదు. పాసు కానామె కాపాడుకోలేదు, కనుక అనుమతి కావాలి. లెక్కల పరీక్షలో నాలుగు మార్కులు తక్కువైన మహిళ ఒక వైపు, అత్తెసరుతో గట్టెక్కిన ఆమె చెల్లెలు మరో వైపు నిలబడతారు. ఇద్దరూ చేరేది ఒకే రకం వంటింట్లోకి. ఒప్పంద పత్రం అరబిక్‌లో, ఇంగ్లీషులో ఉంటే ఇద్దరికీ చదవడం రాకపోవచ్చు. పదో తరగతి సర్టిఫికెట్టు చదువుకు సూచిక అవుతుందేమో గానీ, ఫలానా కాగితాన్ని చదివి అర్థం చేసుకునే శక్తికి సూచిక అవుతుందని నేను నమ్మను.

వయసు విషయం ఇంకా చిక్కు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు గృహకార్మికుల చట్టం 21 నుంచి 60 ఏళ్ల మధ్యవారిని పనిలోకి తీసుకోనిస్తుంది. అదే చట్టం వారానికి ఒక సెలవు రోజు, రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ముట్టజెప్పాలని చెప్పింది. 2016లో కనీస వేతనాన్ని 60 దినార్లుగా నిర్ణయించారు. పది పాసు కాని 24 ఏళ్ల మొగల్తూరు మహిళ కువైట్ చట్టానికి అర్హురాలు, మన చట్టానికి కాదు. అక్కడ గిరాకీ, ఇక్కడ అప్పు ఉన్నప్పుడు ఆమె ఆగిపోతుందని అనుకోవడం అమాయకత్వం. విజిట్ వీసా మీద ముందు దుబాయ్‌కో మస్కట్‌కో చేర్చి అక్కణ్ణుంచి పనిలో పెట్టే దారి ఈ రెండు చట్టాల మధ్య సందులోనే పుట్టింది. ఆ దారిన వెళ్లిన మనిషికి ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, ఆపదలో ఫిర్యాదు చేయడానికి రికార్డు ఉండదు. ఇంటి వీసా మీద ఉండి యజమాని దగ్గర నుంచి బయటికొచ్చేసిన వాళ్లను అక్కడ ఖల్లివల్లి అంటారు. కువైట్ 2020లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరిగి వచ్చినవారిలో తెలుగువారు చాలామందే ఉన్నారు.

కాగితాల తర్వాత శరీరం. గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లోనే వైద్య పరీక్ష చేయించుకోవాలి. జనం నోట దీని పేరు గామ్కా మెడికల్. ఇప్పుడు బుకింగ్ వాఫిద్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతోంది. నరసాపురం మనిషి రాత్రి రైలెక్కి హైదరాబాద్ చేరి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా, ఫైలేరియా పరీక్షలకు రక్తం ఇస్తుంది. మహిళలకు గర్భ నిర్ధారణ పరీక్ష అదనం. ఫలితం ఒక్క మాటలో వస్తుంది: ఫిట్, లేదా అన్‌ఫిట్. కువైట్ చేరాక అకామాకు, అంటే నివాస అనుమతికి ముందు ఇవే పరీక్షలు మళ్లీ చేస్తారు. అక్కడ తప్పితే వెనక్కి పంపేస్తారు.

ఆ ఒక్క మాట వెనక ఉన్న విజ్ఞానాన్ని కాస్త విప్పి చూడాలి, ఎందుకంటే ఈ పరీక్షలన్నీ ఒకే రకం నిజాన్ని చెప్పవు.

ఎక్స్‌రేతో మొదలుపెడదాం. క్షయ సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో చేరినా చాలామందిలో శరీరం దాన్ని అణచిపెడుతుంది. జబ్బు ఎప్పుడో వచ్చి మందులతో పూర్తిగా నయమైపోయినవారిలోనూ ఆ చోట ఒక మచ్చ మిగిలిపోవచ్చు. ఎక్స్‌రేలో ఆ మచ్చ తెల్లని నీడగా పడుతుంది. ఆ నీడ జబ్బు ఇప్పుడు ఉందని చెప్పదు, ఒకప్పుడు ఉండి ఉండవచ్చని మాత్రమే చెబుతుంది. ఇప్పుడు సూక్ష్మజీవి ఉందో లేదో చెప్పేది గళ్ల పరీక్ష. సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రం ఆ ఫలితాన్ని రెండు గంటల్లో ఇస్తుంది. కానీ గల్ఫ్ నిబంధనల్లో పాత క్షయ ఆనవాళ్లు కూడా అన్‌ఫిట్‌కు కారణాలే. ఆరు నెలలు క్రమం తప్పకుండా మందు వాడి కోలుకున్న మనిషికి, మందు మానేసి తిరుగుతున్న మనిషికి ఆ నీడ ముందు తేడా లేదు. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో పుట్టడమే ఇక్కడ ఒక అనర్హతగా పరిణమిస్తోంది.

హెపటైటిస్ సి విషయంలోనూ ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. తొలి పరీక్ష వైరస్‌ను వెతకదు, వైరస్‌పై శరీరం తయారు చేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. సొఫోస్‌బువిర్ వంటి మందులు వచ్చాక సుమారు 12 వారాల చికిత్సతో ఈ జబ్బు చాలామందిలో నయమవుతోంది. వైరస్ పోయినా ప్రతిరక్షకాలు ఏళ్ల తరబడి రక్తంలోనే ఉంటాయి. కనుక తొలి పరీక్షలో పాజిటివ్ వచ్చినవారిలో జబ్బు లేనివారు కూడా ఉంటారు. తేల్చాల్సింది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. హెపటైటిస్ బి అలా కాదు. అక్కడ వెతికేది వైరస్ ఉపరితల ప్రోటీన్‌నే, కనుక ఆ పరీక్ష వర్తమానాన్నే చెబుతుంది. దానికి టీకా కూడా ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన శాన్‌వాక్-బి, ఈ దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకా. పసిపిల్లలందరికీ ఈ టీకా దేశవ్యాప్తంగా అందడం 2011 నాటికి గానీ జరగలేదు. అంటే నేడు 30 దాటి గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న మహిళల్లో చాలామంది పసితనంలో దీన్ని వేయించుకోనివారే. టీకా మూడు డోసులు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆరు నెలలు. వీసా చేతికొచ్చాక గుర్తొచ్చే పని కాదిది.

మా గోదావరి జిల్లాలకు ప్రత్యేకంగా సంబంధించింది ఫైలేరియా. బోదకాలు ఈ డెల్టాకు కొత్త కాదు. మురుగు కాలువల్లో, నిలవ నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఈ సూక్ష్మమైన పురుగును ఒకరి నుంచి మరొకరికి చేరుస్తుంది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించే సామూహిక కార్యక్రమం నడిచింది. ఈ పురుగు పిల్లలను మైక్రోఫైలేరియా అంటారు. వీటికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. పగలంతా ఊపిరితిత్తుల లోతైన రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి సుమారు పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. పాట్రిక్ మాన్సన్ 1870ల చివర్లో చైనాలోని అమోయ్‌లో పనిచేస్తూ దోమ పాత్రనూ, ఈ రాత్రి నడకనూ గుర్తించాడు.

ఇప్పుడు గామ్కా కేంద్రాన్ని తలచుకోండి. అది పగలే తెరిచి ఉంటుంది. పగటి పూట వేలి చివరి నుంచి తీసిన రక్తంతో స్లయిడు చేసి మైక్రోఫైలేరియా కోసం చూస్తే, ఉన్నవాళ్లలోనూ చాలామందిలో కనిపించవు. పగటి రక్తంలోనూ పురుగు ఉనికిని పట్టగల యాంటిజెన్ పరీక్ష ఉంది, కానీ స్లయిడుతో సరిపెట్టే చోట అది ఉపయోగపడదు. ఇంకొక వింత కూడా ఉంది. కాలు వాచి బోదకాలు పైకి కనిపించేవారి రక్తంలో తరచుగా మైక్రోఫైలేరియాలే ఉండవు. రక్తంలో అవి తిరుగుతున్న మనిషి పైకి పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తాడు. అంటే, జబ్బు వ్యాప్తి చేయగలవాడు పగటి పరీక్షలో తప్పించుకోవచ్చు, చేయలేనివాడు కాలు చూపించి తిరస్కరణకు గురికావచ్చు. పరీక్ష ఎవరిని ఆపాలని పెట్టారో వారినే వదిలేసే అవకాశం ఇంత ఉన్నప్పుడు దాన్ని అర్హత అనడం కష్టం.

గణితం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పదివేల మంది ఒక పరీక్షకు వచ్చారనుకుందాం. వారిలో నిజంగా జబ్బు ఉన్నవారు 20 మంది అనుకుందాం. పరీక్ష ఆ 20 మందినీ పట్టేస్తుంది, జబ్బు లేనివారిలో నూటికి ఒకరిని మాత్రమే పొరపాటున పాజిటివ్ అంటుంది అనుకుందాం. చాలా మంచి పరీక్షే. అయినా మిగిలిన 9,980 మందిలో సుమారు 100 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 120, వారిలో జబ్బు లేనివారు 100 మంది. జబ్బు అరుదుగా ఉన్న జనంలో ఎంత మంచి పరీక్షకైనా రెండో నిర్ధారణ పరీక్ష తోడు ఉండి తీరాలనడానికి కారణం ఇదే. తొలి పాజిటివ్‌తోనే చేతిలో అన్‌ఫిట్ కాగితం పడి, ఏజెంటుకు కట్టిన డబ్బు పోగొట్టుకుని తిరిగి వచ్చిన మనిషికి ఈ లెక్క చెప్పినవారు ఉండరు.

తమ ప్రజల ఆరోగ్యం కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ పరీక్షలన్నీ ఇంటి యజమానికి వచ్చే ముప్పును కొలిచేవి, పనిమనిషి సామర్థ్యాన్ని కొలిచేవి కావు. ఆమె ఊపిరితిత్తులకు ఫొటో తీసే ఏర్పాటు, ఆమె పడుకోబోయే గదికి కిటికీ ఉందో లేదో చూడదు.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థశాస్త్రం కొంత వివరించగలదు. జార్జ్ అకెర్లాఫ్ 1970లో, మైకేల్ స్పెన్స్ 1973లో రాసిన వ్యాసాలు ఈ రంగానికి పునాది. జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి వారికి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. సారాంశం ఇది: కొనేవాడికి సరుకు నాణ్యత కంటికి కనిపించనప్పుడు అతను కనిపించే గుర్తుల మీద ఆధారపడతాడు. పని చేయించుకునేవాడికి పనివాడి నేర్పు ముందుగా కనిపించదు కనుక సర్టిఫికెట్టు, వయసు, మునుపటి అనుభవం వంటి సంకేతాలను వెతుకుతాడు. కువైట్ గృహిణికి నరసాపురం మహిళ వంట తెలియదు. ఫొటో, వయసు, మతం, ఇంతకు ముందు గల్ఫ్‌లో చేసిందా లేదా అన్నవే ఆమె ముందున్న కాగితంలో ఉంటాయి. ఇటు పనిమనిషికీ ఆ ఇంటి గురించి ఏమీ తెలియదు. ఎంతమంది పిల్లలు, ఎన్ని అంతస్తులు, మంచానపడ్డ ముసలివారెవరైనా ఉన్నారా అన్నది విమానం దిగాకే తెలుస్తుంది. రెండు వైపులా ఉన్న ఈ అజ్ఞానమే ఏజెంటు పెట్టుబడి. నేర్పును నమ్మకంగా చూపించే కొలత ఒకటి ఉంటే ఆ పెట్టుబడి తరిగిపోతుంది.

అలాంటి కొలత ఎందుకు రాలేదు? ఇంటిపనిని పనిగానే గుర్తించని పాత అలవాటు దీనికి ఒక కారణమని నా అభిప్రాయం. దాన్ని చూడడానికి నరసాపురం కంటే తగిన ఊరు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లిక తరతరాలుగా విదేశాలకు ఎగుమతి అవుతూ వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకం, ఈ పరిశ్రమ లోపలి సంగతిని ప్రపంచానికి చెప్పింది. ప్రపంచ మార్కెట్టు కోసం రోజూ గంటల తరబడి అల్లే మహిళలను కార్మికులుగా కాక, ఇంటిపట్టున ఉండి ఖాళీ వేళల్లో చేతులాడించే గృహిణులుగా లెక్కించడం వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వాదన. చూపు చెడగొట్టుకునేంత సన్నటి పని, లెక్క తప్పితే మొత్తం విప్పి మళ్లీ అల్లాల్సిన పని. అయినా దానికి పేరు కాలక్షేపం. అలా లెక్కకు రాని నేర్పును అలవాటు చేసుకున్న ఊరే మరో తరంలో మరో లెక్కకు రాని నేర్పును గల్ఫ్‌కు పంపింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణను చూస్తే ఈ చిన్నచూపు అంకెల్లో కనిపిస్తుంది. 2008 నాటి ఆ పట్టికలో ఇళ్లు శుభ్రం చేసే సహాయకుల సంఖ్య 9111. తొమ్మిదో వర్గం అంటే అన్నిటికంటే కింది మెట్టు, ప్రాథమిక పనులు. అదే పట్టికలో వంటవారు 5120, పిల్లల సంరక్షకులు 5311, ఇంటి వద్ద రోగులను, వృద్ధులను చూసుకునేవారు 5322, ఇంటి నిర్వాహకులు 5152. వీరందరిదీ రెండో మెట్టు నైపుణ్యం. ఖాదిమ్ వీసా మీద, అంటే కువైట్‌లో 20వ నంబరు వీసా మీద వెళ్లిన మనిషి తెల్లవారుజామున బడికెళ్లే పిల్లలకు టిఫిన్ డబ్బా సర్ది 5120 అవుతుంది. తొమ్మిదింటికి మేడ మెట్లు తుడిచి 9111, మధ్యాహ్నం పసిబిడ్డకు పాలు పట్టి 5311, సాయంత్రం ముసలామెకు ఇన్సులిన్ వేళ గుర్తు చేసి 5322. జీతం మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్క సంఖ్యకే.

ఆ పనుల్లో ఎంత విజ్ఞానం ఇమిడి ఉందో మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది అన్నం. నరసాపురానికి దగ్గరలోని మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఈ డెల్టా ఇళ్లకు అలవాటైన బియ్యం. దాన్ని పుష్కలంగా నీళ్లు పోసి ఉడికించి గంజి వార్చే అలవాటు మనది. నీళ్లెక్కువైనా ఫరవాలేదు, వార్చేస్తే సరి. కువైట్ ఇంట్లో మచ్‌బూస్ అలా కాదు. నానబెట్టిన బాస్మతిని మాంసం ఉడికిన చారులోనే, పట్టినంత ద్రవమే ఉంచి ఇగరబెట్టాలి. బియ్యంలోని పిండిపదార్థం సుమారు 70 డిగ్రీల వేడి దగ్గర నీరు పీల్చి ఉబ్బుతుంది. వార్చే పద్ధతిలో ఆ ఉబ్బును ఆపేది వంట చేసేవాళ్ల చెయ్యి, ఇగిరే పద్ధతిలో ముందుగా పోసిన ద్రవం కొలత. ఇరవై ఏళ్లు వండిన చెయ్యి మొదటి వారంలో తడబడేది అందుకే. నెల తిరిగేసరికి కుదురుకునేది కూడా ఆ అనుభవం వల్లనే, ఎందుకంటే మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి లోపలి పలుకు ఎంత మిగిలిందో పసిగట్టడం ఆమెకు ముందే వచ్చు. తెలిసినదంతా మాటల్లో చెప్పలేమని మైకేల్ పొలానీ 1966లో రాసిన పుస్తకంలో చర్చించిన జ్ఞానం ఇలాంటిదే. ఆ జ్ఞానం ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంటర్వ్యూ పనికిరాదు, ఒక పూట వండించి చూడాలి.

రెండోది మరింత తీవ్రమైన విషయం. గల్ఫ్ ఇళ్లలో క్లోరాక్స్ సీసా లేని బాత్రూమ్ ఉండదు. అందులో ఉండేది సోడియం హైపోక్లోరైట్. మరుగుదొడ్డి గారను వదిలించే ద్రవాల్లో తరచుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్ సైన్యం వదిలిన విషవాయువు అదే. అద్దాలు తుడిచే ద్రవాల్లోని అమోనియాతో బ్లీచ్ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి, అవీ ఊపిరితిత్తులను కాల్చేవే. మన ఊళ్లో పెరట్లో బ్లీచింగ్ పౌడరు చల్లి, నూతి చప్టా మీద యాసిడ్ పోసి రుద్దేవాళ్లకు ఘాటు తగిలినా గాలికి కొట్టుకుపోతుంది. ఏసీ వేసి తలుపులు బిగించిన, కిటికీ లేని బాత్రూమ్‌లో ఆ గాలికి దారి ఉండదు. త్వరగా తెల్లబడాలని రెండు సీసాలూ ఒకేసారి పోసే చేతికి ఈ సంగతి ఎవరు చెప్పారు? సీసా మీద హెచ్చరిక ఉంటుంది, అరబిక్‌లో, ఇంగ్లీషులో. చదవలేనివారి కోసం ఐక్యరాజ్యసమితి 2003లో అన్ని దేశాలకూ ఒకే రకం బొమ్మల పద్ధతి ప్రతిపాదించింది. ఎర్ర గీతల వజ్రాకారంలో, చెయ్యి మీదా లోహం మీదా ద్రవం పడి తినేస్తున్నట్టు గీసిన బొమ్మ అందులో ఒకటి. అలాంటి తొమ్మిది బొమ్మలను గుర్తుపట్టించడానికి ఒక మధ్యాహ్నం చాలు. ప్రయాణానికి ముందు ఇచ్చే అవగాహన తరగతిలో పాస్‌పోర్టు ఎలా దాచుకోవాలో, రాయబార కార్యాలయం ఎక్కడుందో చెప్పడం ఎంత అవసరమో, ఈ బొమ్మలు చూపించడమూ అంత అవసరం.

మూడోది పసిబిడ్డ పాలడబ్బా. పాలపొడి సూక్ష్మజీవి రహితం కాదు. అరుదుగానైనా క్రోనోబాక్టర్ అనే సూక్ష్మజీవి అందులో ఉండవచ్చు, నెలల బిడ్డకు అది ప్రాణాంతకం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో పొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టమని చెప్పింది. కాచిన నీటిని ముందే గోరువెచ్చగా చేసి అందులో పొడి కలపడం చాలామందికి ఉన్న అలవాటు. బిడ్డ నోరు కాలకూడదన్న జాగ్రత్తే అందుకు కారణం. కానీ ఆ వేడి సూక్ష్మజీవిని చంపడానికి చాలదు. ఈ ఒక్క వరస తెలిసి ఉండడం, నా దృష్టిలో, పదో తరగతి పాసు కంటే పెద్ద అర్హత.

ఇవి పరీక్షించడం అసాధ్యం కాదని చెప్పడానికి జపాన్ ఉంది. 2019 ఏప్రిల్‌లో ఆ దేశం నిర్దిష్ట నైపుణ్య కార్మికుల వీసా ప్రారంభించింది. వృద్ధుల సంరక్షణ, హోటళ్లలో బస ఏర్పాట్లు, ఆహార సేవ వంటి పనులు అందులో ఉన్నాయి. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. సంరక్షణ పనికి వెళ్లాలంటే పని నైపుణ్యంపై ఒక పరీక్ష, సంరక్షణలో వాడే జపనీస్‌పై ఒకటి, సాధారణ జపనీస్‌పై ఒకటి రాయాలి. సాధారణ భాషకు ఎన్4 స్థాయి చాలు. మంచం పట్టిన వృద్ధుణ్ణి పక్కకు తిప్పే పద్ధతి, మింగలేని మనిషికి అన్నం పెట్టే పద్ధతి వంటివి ప్రశ్నలుగా వస్తాయి. కష్టం ఉంది, ఖర్చు ఉంది. కానీ అక్కడ అడుగుతున్నది పని గురించి. సౌదీ అరేబియా కూడా 2022 డిసెంబరులో మన దేశంలో నైపుణ్య నిర్ధారణ కార్యక్రమం మొదలుపెట్టింది. మొదటి జాబితాలో ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్, ఆటోమొబైల్ ఎలక్ట్రీషియన్ ఉన్నారు. పైపు అతికించే నేర్పుకు పరీక్ష పెట్టిన జాబితా అది. పసిబిడ్డను చూసుకునే నేర్పు అందులో లేదు.

భాష సంగతి మరీ విచిత్రం. గల్ఫ్‌లో పనివారికీ యజమానులకూ మధ్య పుట్టిన కుదించిన అరబిక్‌ను భాషాశాస్త్రజ్ఞులు పిడ్జిన్ గల్ఫ్ అరబిక్ పేరుతో అధ్యయనం చేశారు. క్రియారూపాలు, లింగభేదాలు చాలావరకు రాలిపోయిన, పనికి సరిపడే భాష అది. వెళ్లి వచ్చిన మన ఆడవాళ్లలో చాలామంది దాన్ని ధారాళంగా మాట్లాడతారు. బడి లేకుండా, పుస్తకం లేకుండా, వంటింట్లో నిలబడి నేర్చుకున్న రెండో భాష. ఏ దరఖాస్తులోనూ దానికి గడి లేదు.

భారత్, కువైట్ 2021 జూన్‌లో గృహకార్మికులపై అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. మన దగ్గర 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద, బడి బయట నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. సరుకంతా సిద్ధంగా ఉందన్నమాట. నరసాపురంలోనే ఒక పరీక్షా కేంద్రం పెట్టవచ్చు. ఒక వంటిల్లు, ఒక బాత్రూమ్, ఒక మంచం, పసిబిడ్డ బరువున్న బొమ్మ చాలు. గంట సేపు పని చేయించి, సీసాల మీది బొమ్మలు చదివించి, ఒప్పందంలో జీతం, సెలవు రాసి ఉన్న చోటు వేలితో చూపించమంటే ఆమెకు ఏం వచ్చో, ఏం నేర్పాలో తేలిపోతుంది.

పరీక్ష పెట్టేవారికీ ఈ తాలూకాలో కొదవ లేదు. పదేళ్లు, పదిహేనేళ్లు కువైట్ ఇళ్లను నడిపి వచ్చి, ఇప్పుడు మనవలను ఎత్తుకుంటున్న వాళ్లున్నారు. మచ్‌బూస్ దమ్ము ఎప్పుడు దించాలో, ఏ సీసా పక్కన ఏ సీసా పెట్టకూడదో, మామా, అంటే ఇంటి యజమానురాలు, అలిగిన రోజు ఏ మాట అనకూడదో వాళ్ల కంటే బాగా చెప్పగలవారు లేరు. అయితే నైపుణ్య పరీక్షకులను నియమించేటప్పుడు సాధారణంగా అడిగేది డిప్లొమా, దానికి తోడు యజమాని సంతకంతో అనుభవ పత్రం. ఖాదిమ్ వీసా మీద పని చేసి వచ్చినవారికి అలాంటి పత్రం ఇచ్చే ఆనవాయితీ లేదు. వాళ్ల దగ్గర ఉన్నది రద్దయిన పాస్‌పోర్టు, దానిలో వరసగా పడిన రాకపోకల ముద్రలు. ఓంకాప్ ఆ ముద్రలనే అనుభవ పత్రంగా ఒప్పుకుంటూ ఒక ఉత్తర్వు తెస్తే చాలు, మొదటి పరీక్షకుల బృందాన్ని వచ్చే నెలలోనే కూర్చోబెట్టవచ్చు.